32 పేజీలు, మూడు ప్రూఫులు: గవర్నర్‌పేటలో నేను పుస్తకం వేయించిన ప్రెస్సు

చిన్న పుస్తకం వేయించాలంటే విజయవాడలో ఎవరి దగ్గరికి వెళ్ళాలని తోటి టీచర్లు ఇద్దరు ముగ్గురు అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాస్తే ఇంకొందరికి కూడా పనికొస్తుందని రాస్తున్నాను. ప్రెస్సు పేరు మాత్రం వేయడం లేదు. యజమానే వద్దన్నారు. "ఇప్పుడున్న పనికే ఊపిరాడట్లేదు మేడం, ఇంకా జనం వస్తే ఉన్నవాళ్ళకి సరిగ్గా చేయలేం" అన్నారు. ఏలూరు రోడ్డు నుంచి గవర్నర్‌పేట లోపలికి తిరిగే సందుల్లో ఒక పాత రెండంతస్తుల మేడ. కింద మినీ ఆఫ్‌సెట్ మిషను, కటింగ్ మిషను, పైన డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే చోటు. మెట్ల దగ్గరికి వచ్చేసరికే సిరా వాసన తగులుతుంది. చుట్టుపక్కల అలాంటి ప్రెస్సులు ఇంకా ఉన్నాయి, కాబట్టి ఎవరికైనా నిజంగా కావాలంటే నన్ను అడగండి, చెబుతాను.

నేను కృష్ణా జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా నాన్నగారు పోయినప్పటి నుంచి ఏటా ఆయన తిథికి ఒక చిన్న పుస్తకం వేసి పిల్లలకి పంచుతున్నాను. ఇది మూడోది. ఈసారి అమెరికా పార్లమెంటుకి ఎన్నికైన ఒక కుర్రవాడి గురించి రాశాను. మ్యాక్స్‌వెల్ ఫ్రాస్ట్ అతని పేరు. ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో ఊరు. 1997 జనవరి 17న పుట్టాడు, 2022 నవంబరులో గెలిచాడు. 1990ల చివరి నుంచి పుట్టిన, జెన్ జీ అంటున్న తరం నుంచి ఆ సభలో కూర్చున్న మొదటి మనిషి అతనే. మా పదో తరగతి పిల్లలకి ఇంకో మూడేళ్ళలో ఓటు వస్తుంది. ఎన్నికల పాఠం చెబుతుంటే "అది డబ్బున్నోళ్ళ పని టీచర్, మనకెందుకు" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమంటుంది. వాళ్ళకి జవాబు చెప్పాలనే ఈ పుస్తకం రాశాను.

నిరుడు వేరేచోట వేయించాను. పని తొందరగానే చేసిచ్చారు గానీ అందులో 'రాజ్యాంగం' ఒకచోట 'రాజ్యగం' అయింది. పిల్లలు దాన్నే నోట్సులోకి ఎక్కించుకున్నారు. ఆ సంగతి చెబితే "మీరిచ్చిన మ్యాటరు మీరే చూసుకోవాలి" అన్నారు. అన్న మాటలో తప్పు లేదు. కానీ అచ్చేసేవాళ్ళు ఒక్కసారైనా చదివి ఉంటే బాగుండేదని ఆ ఏడాదంతా అనుకుంటూనే ఉన్నాను.

ఈ ప్రెస్సులో చదువుతారు. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్న పెద్ద విషయం ఇదే.

నేను ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసి పంపాను. ప్రెస్సు ఫాంటులోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి, క్రారవడులు అటూ ఇటూ అవుతాయి. అందుకని డీటీపీ చేసే అమ్మాయి మొత్తం సరిచూసి మొదటి ప్రూఫు, అంటే తప్పులు చూసేందుకు నమూనా కాపీ, తీసింది. తర్వాత అది ప్రూఫ్ రీడరు మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన రిటైరైన తెలుగు పండితులు. పొద్దున పదింటికి వచ్చి ఒంటిగంట దాకా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. ఎర్ర పెన్ను, స్కేలు, ఒక భూతద్దం. ప్రూఫు తెచ్చుకోవడానికి వెళ్తే పేజీల అంచుల్లో అక్షర దోషాలతో పాటు ప్రశ్నలు కూడా కనిపించాయి.

మొదటి ప్రశ్న రెండో పేజీలోనే. నేను 'కాంగ్రెస్ సభ్యుడు' అని రాశాను. దాని కింద గీత గీసి "పిల్లలు పార్టీ అనుకుంటారు" అని రాశారు. నిజమే కదా! పైగా ఫ్రాస్ట్‌ది డెమోక్రటిక్ పార్టీ. అమెరికాలో పార్లమెంటునే కాంగ్రెస్ అంటారనీ, అందులో పైది సెనేట్, కిందది ప్రతినిధుల సభ అనీ, ఆ కింది సభలో 435 మంది ఉంటారనీ, వాళ్ళ పదవీకాలం రెండేళ్ళేననీ ఒక పేరా చేర్చాను. ఆ తర్వాత పుస్తకమంతా 'ప్రతినిధుల సభ' అనే వాడాను.

రెండో ప్రశ్న 'ప్రైమరీ' దగ్గర. "ప్రైమరీ స్కూలు అనుకునే ప్రమాదం ఉంది, విడమర్చండి" అన్నారు. దీనికి నాకు ఒక రాత్రి పట్టింది. మన దగ్గర టికెట్ ఎవరికన్నది పార్టీ పెద్దలు తేలుస్తారు, బి-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్ళే అభ్యర్థి. అక్కడ ఆ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో కూడా ఓటర్లే ఓటేసి చెబుతారు. 2022 ఆగస్టు 23న జరిగిన ఆ ప్రైమరీలో పదిమంది పోటీపడ్డారు. వాళ్ళలో ఇద్దరు అదివరకు ప్రతినిధుల సభలో పనిచేసినవాళ్ళు, ఇంకొకాయన రాష్ట్ర సెనేటర్. అంతమంది పేరున్నవాళ్ళ మీద పాతికేళ్ళ కుర్రవాడు నెగ్గాడు. నవంబరు 8న అసలు ఎన్నికలో సైన్యం నుంచి రిటైరైన కాల్విన్ వింబిష్ మీద దాదాపు 59 శాతం ఓట్లతో గెలిచాడు. ఈ పేజీ రాసేటప్పుడు నాకు మా క్లాసు కళ్ళ ముందు కదిలింది. బి-ఫారం ఎవరి దయా లేకుండా జనమే ఇస్తే ఎలా ఉంటుందో వాళ్ళు ఊహించుకోవాలి.

మూడో ప్రశ్న చూసి మాస్టారంటే గౌరవం ఇంకా పెరిగింది. నేను 'ప్రమాణం చేసేనాటికి అతనికి 25 ఏళ్ళు' అని రాశాను. ఆయన అంచున లెక్క వేశారు: 2023లోంచి 1997 తీసేస్తే 26 కదా? నిజానికి ఆ సభ కొలువుదీరడం ఆలస్యమైంది. స్పీకరు ఎన్నిక 15 సార్లు ఓటింగు పెడితే గానీ తేలలేదు. దాంతో సభ్యులు జనవరి 7 తెల్లవారుజామున ప్రమాణం చేశారు. ఫ్రాస్ట్ పుట్టినరోజుకి అప్పటికింకా పది రోజులుంది. కాబట్టి 25 సరైనదే. ఆయన అడిగారు గనక ఆ వివరమంతా పుస్తకంలోకి వచ్చింది, లేకపోతే నేను వదిలేసేదాన్ని.

అక్కడి నుంచి మా మాటలు వయసు నిబంధన మీదికి వెళ్ళాయి. అమెరికా ప్రతినిధుల సభకి 25 ఏళ్ళు నిండాలి, మన లోక్‌సభకీ 25 నిండాలి. అక్కడ సెనేట్‌కి 30, మన రాజ్యసభకీ 30. తేడా ఎప్పటికి నిండాలన్న దగ్గరుంది. మన దగ్గర నామినేషన్ల పరిశీలన రోజుకే వయసు నిండి ఉండాలి. అక్కడ సభలో ప్రమాణం చేసేనాటికి నిండితే సరిపోతుంది. ఫ్రాస్ట్ పోటీ ప్రకటించింది 2021 ఆగస్టులో, అప్పటికి 24 ఏళ్ళే. ఓటు హక్కు 18కి తగ్గించడం అక్కడ 1971లో 26వ సవరణతో జరిగింది, మనకి 61వ సవరణతో 1989లో అమల్లోకి వచ్చింది. "నేను మొదటిసారి ఓటేసింది 21 నిండాక" అన్నారు మాస్టారు. ఎంతో ఇష్టంగా చెప్పారు ఆ మాట.

"మనవాళ్ళెవరూ లేరా?" అన్నది నాలుగో ప్రశ్న. చివర్లో అర పేజీ ఖాళీ ఉంటే అందులో చేర్చాను. 2014లో 26 ఏళ్ళకే శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు వెళ్ళిన రామ్మోహన్ నాయుడు, 2019లో అరకు నుంచి గెలిచిన గొడ్డేటి మాధవి. మాధవి అంతకుముందు వ్యాయామ ఉపాధ్యాయిని. ఆ వాక్యం మా పీఈటీ మేడం కోసం ప్రత్యేకంగా రాశాను.

పేరు దగ్గర కూడా చర్చ జరిగింది. అతని పూర్తి పేరులో మధ్య మాటని నేను 'అలెజాండ్రో' అని రాశాను. ఇంట్లో వాళ్ళది ఏ భాష అని మాస్టారు అడిగారు. పెంచిన తల్లి చిన్నప్పుడు క్యూబా నుంచి వచ్చిన మనిషి, వాళ్ళ భాష స్పానిష్ అని చెప్పాను. "అయితే అమ్మ ఎలా పిలుస్తుందో అలా వేయండి" అన్నారు. 'అలెహాండ్రో' అని మార్చాం. పుట్టగానే అతన్ని పెంచుకున్నారు. తల్లి ప్రభుత్వ బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పే టీచరు, తండ్రి సంగీత కళాకారుడు. ఇతనూ డ్రమ్స్ వాయిస్తాడు. హైస్కూల్లో ఉండగా తమ సల్సా బృందంతో 2013లో ఒబామా ప్రమాణ స్వీకార ఊరేగింపులో వాయించాడు. కన్నతల్లితో మళ్ళీ మాట కలిసింది 2021లో. ఆమె పడ్డ కష్టాలు విన్నాకే పోటీ చేయాలన్న నిర్ణయం గట్టిపడిందని అతనే చెప్పుకున్నాడు.

ఇక తొమ్మిదో పేజీ. ఆ పేజీ మీద మాస్టారు ఎర్ర పెన్ను పెట్టలేదు. పెన్సిల్‌తో "ఇది పిల్లలకి అవసరమా?" అని మాత్రం రాశారు. 2012 డిసెంబరు 14న కనెటికట్ రాష్ట్రంలో శాండీ హుక్ అనే ప్రాథమిక పాఠశాలలో ఒకడు తుపాకీతో 20 మంది పిల్లల్ని, ఆరుగురు సిబ్బందిని చంపేశాడు. పిల్లలందరూ ఆరేడేళ్ళ వాళ్ళు. ఫ్రాస్ట్‌కి అప్పుడు 15 ఏళ్ళు. తర్వాత వాషింగ్టన్‌లో జరిగిన సంతాప సభకు వెళ్ళాడు. ఆ కాల్పుల్లో చనిపోయిన ఒక టీచరు తమ్ముడు అక్కడ ఏడుస్తుంటే చూశాడు. తుపాకుల మీద అతని పని అక్కడ మొదలైంది. 2016లో సొంత ఊరు ఓర్లాండోలోనే పల్స్ నైట్ క్లబ్బులో 49 మందిని కాల్చేశారు. 2018లో పార్క్‌లాండ్ హైస్కూలు కాల్పుల తర్వాత విద్యార్థులు మొదలుపెట్టిన 'మార్చ్ ఫర్ అవర్ లైవ్స్' ఉద్యమంలో దేశవ్యాప్తంగా జనాన్ని కూడగట్టే బాధ్యత తర్వాత అతను చేపట్టాడు.

ఆ రోజు మాస్టారు, నేను గంటసేపు మాట్లాడుకున్నాం. "తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చదువుతారు కదమ్మా" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ పేజీ తీసేస్తే మిగిలేది ఒక కుర్రవాడికి పదవి వచ్చిన కథ ఒక్కటే. పదిహేనేళ్ళప్పుడు చూసిన దాన్ని పదేళ్ళపాటు మర్చిపోకుండా తిరిగాడు, ఆ తర్వాతే ఓటడిగాడు. మా పిల్లలకి తెలియాల్సింది ఆ పదేళ్ళ సంగతి. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. పేజీ ఉంటుంది, ఫోటో ఉండదు, సంఘటన రెండు వాక్యాలకి మించదు. అచ్చులో చూసుకున్నాక ఆయన చెప్పినట్టు తగ్గించడమే మేలైందనిపించింది.

డీటీపీ అమ్మాయి గురించి కూడా చెప్పాలి. ఇరవై రెండేళ్ళుంటాయి. చకచకా టైపు చేస్తుంది, మనం చెప్పిన కరెక్షను ఎక్కడా జారనివ్వదు. రెండో ప్రూఫు రోజు నేను పక్కన కూర్చుని ఉంటే ఇరవై ఒకటో పేజీ దగ్గర కీబోర్డు మీద చేతులు ఆపేసింది. గెలిచాక వాషింగ్టన్‌లో ఇల్లు దొరక్క ఫ్రాస్ట్ పడ్డ ఇబ్బంది ఆ పేజీలో ఉంది. ప్రచారంలో అప్పులయ్యాయి. ఖర్చులకి ఊబర్ కారు నడిపాడు. క్రెడిట్ స్కోరు, మన మాటల్లో సిబిల్ స్కోరు, బాగా పడిపోయింది. 2022 డిసెంబరులో ఒక అపార్ట్‌మెంటుకి దరఖాస్తు పెట్టాడు. స్కోరు బాగాలేదని ముందే చెప్పాడు. పర్లేదన్నారు. తీరా ఇల్లివ్వలేదు, దరఖాస్తు కోసం కట్టిన 50 డాలర్లూ పోయాయి. సభ్యుడి జీతం ఏడాదికి 1,74,000 డాలర్లు, కానీ అది జనవరిలో పదవీకాలం మొదలయ్యాకే వస్తుంది.

"ఎంపీకి కూడా ఇల్లివ్వలేదా టీచర్ గారూ?" అంది ఆ అమ్మాయి. తను సత్యనారాయణపురంలో రూము కోసం రెండు నెలలు తిరిగిందట. ఒక్కదానివే అయితే ఇవ్వం అన్నవాళ్ళు కొందరు, మీరేమిట్లు, అంటే ఏ కులం, అని అడిగి తలుపేసుకున్నవాళ్ళు కొందరు. చివరికి ఇక్కడి బైండింగు అక్క తన ఇంట్లో ఒక గది ఇచ్చింది. ఇదంతా చెప్పి మళ్ళీ టైపు మొదలుపెట్టింది. నేను ఆ పేజీలో ఇంకో రెండు వాక్యాలు చేర్చాను. ఇల్లు దొరకని మనిషి సభలో కూర్చుంటే అద్దెల చట్టం గురించి మాట్లాడేటప్పుడు గొంతు వేరేగా ఉంటుందని రాశాను. అది ఆమెకి చదివి వినిపించాకే అచ్చుకి ఇచ్చాను.

మా హెచ్చెమ్ గారు ఒకే పార్టీ మనిషి గురించి రాశావేమిటని అడుగుతారని తెలుసు. అందుకే సైరా బ్లెయిర్ మీద ఒక పేజీ పెట్టాను. ఆ అమ్మాయిది రిపబ్లికన్ పార్టీ. వెస్ట్ వర్జీనియా రాష్ట్ర శాసనసభకి 18 ఏళ్ళకే పోటీ చేయొచ్చు. 2014లో పార్టీ ప్రైమరీలో అప్పటి సభ్యుడినే ఓడించింది, అప్పటికి ఆమెకి 17 ఏళ్ళు. నవంబరులో గెలిచేసరికి 18, కాలేజీలో మొదటి ఏడాది. సభ ఏటా 60 రోజులు జరుగుతుంది కాబట్టి ఆ సెమిస్టరు చదువు ఆపుకుని సభకి వెళ్ళేది. వాళ్ళ నాన్న రాష్ట్ర సెనేటర్ అన్న సంగతి కూడా రాశాను, దాచడం నాకిష్టం లేదు. మా ఆడపిల్లలు ఎక్కువసార్లు తిరగేసింది ఈ పేజీనే.

ఇక అచ్చు సంగతి. డెమ్మీ 1/8 సైజు, 32 పేజీలు, అంటే పదహారేసి పేజీల ఫారాలు రెండు. లోపల 70 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం, కవరు ఆర్ట్ కార్డు మీద మల్టీకలర్, సెంటర్ పిన్ను. అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టమంటే పేజీకి రెండు లైన్లు తగ్గించి సర్దారు. కవరు మీద ఫ్రాస్ట్ ఫోటో ఇస్తే యజమాని ముందుగా అది ఎక్కడిదని అడిగారు. అమెరికా ప్రభుత్వం తీయించిన అధికారిక ఫోటో, అలాంటివాటికి కాపీరైటు ఉండదు అని చూపించాకే తీసుకున్నారు. ఎక్కడో దొరికిన ఫోటోలు వేయరట. ఇలాంటి పట్టింపు ఉన్న ప్రెస్సులు తక్కువ.

లోపాలూ చెబుతాను. చెప్పిన తేదీకి నాలుగు రోజులు ఆలస్యమైంది. తిథి నాటికి యాభై కాపీలే చేతికొచ్చాయి, మిగతావి తర్వాత ఆటోలో పంపారు. లోపలి పేజీల్లో ఒక ఫోటో మొదట నల్లగా వచ్చింది. 2023 సెప్టెంబరులో తుపాకీ హింస నివారణకి వైట్‌హౌస్‌లో ప్రత్యేక కార్యాలయం పెట్టిన రోజు, అప్పటి అధ్యక్షుడు బైడెన్‌ని ఫ్రాస్ట్ సభకి పరిచయం చేస్తున్న ఫోటో అది. మొహాలు ఆనవాలు తెలియలేదు. చూపించగానే అచ్చు ప్లేటు మార్చి ఆ ఫారం మళ్ళీ కొట్టారు, డబ్బు అడగలేదు. మూడు వందల్లో రెండు కాపీలకి పేజీలు తలకిందులుగా వచ్చాయి. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద నుంచే పిలిస్తే ప్రూఫు కిందికే తెచ్చిస్తారు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు. బస్టాండు నుంచి ఆటోలో వెళ్ళడమే నయం.

డీటీపీ, మూడు ప్రూఫులు, కవరు, కాగితం, బైండింగు అన్నీ కలిపి 11,400 రూపాయలయింది, అంటే కాపీ 38 రూపాయలు. ఇంతకంటే తక్కువకి వేసేవాళ్ళు ఉన్నారు. నేను మళ్ళీ ఇక్కడికే వస్తాను. సగం అడ్వాన్సు, మిగతాది సరుకు తీసుకునేటప్పుడు. మే, జూన్ నెలల్లో వెళ్ళకండి, స్కూలు పుస్తకాల పనిలో తల ఎత్తరు. మాస్టారు ఆదివారాలు రారు. మ్యాటరు ఆయన చేతికే ఇవ్వాలని మొదటే అడగండి.

పుస్తకాలు పంచిన మూడో రోజు పదో తరగతి అబ్బాయి ఒకడు స్టాఫ్ రూముకి వచ్చాడు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. చేతిలో పుస్తకం, వేలు పెట్టి పట్టుకున్న పేజీ ఇరవై ఒకటి. "టీచర్, ఇతను 2024లో మళ్ళీ గెలిచాడని చివర్లో రాశారు కదా, మరి ఇల్లు దొరికిందో లేదో రాయలేదేంటి?" అని అడిగాడు. మాస్టారికి ఫోన్ చేసి చెప్పాను. ఆ ప్రశ్న తనకి తట్టనందుకు ఆయన చాలా బాధపడ్డారు. ప్లేట్లు జాగ్రత్తగా పెట్టి ఉంచమని యజమానికి చెప్పారట. పక్క ఊరి హైస్కూలు వాళ్ళు ఇంకో రెండు వందలు అడుగుతున్నారు. ఈ శనివారం ఇరవై ఒకటో పేజీ పట్టుకుని మళ్ళీ గవర్నర్‌పేట వెళ్తున్నాను.